స్పీకర్ బాగానే ఉంది, అడాప్టరే పోయింది: ఇప్పుడు ఏది కొనాలి?

రాత్రి దాకా పాడిన స్పీకర్ పొద్దున లేచి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. లైటు వెలగదు, ఫోన్‌లో బ్లూటూత్ వెతికితే పేరు రాదు. ఇలాంటప్పుడు చాలామంది స్పీకరే పోయిందనుకుని కొత్తవాటి ధరలు చూడడం మొదలుపెడతారు. కాస్త ఆగండి. గొంతు బొంగురుపోకుండా, గరగర లేకుండా, ఉన్నట్టుండి మొత్తంగా ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌నే. కరెంటులో వచ్చే హెచ్చుతగ్గుల దెబ్బ మొదట తగిలేది దానికే. రోజంతా ప్లగ్‌లోనే ఉండి వేడెక్కేదీ అదే. ఎండాకాలం ఈదురుగాలులకు కరెంటు పోయి వచ్చిన మర్నాడు రిపేరు షాపులకు వెళ్లి చూడండి, ఎన్ని అడాప్టర్లు వస్తాయో.

నా సలహా ముందే చెప్పేస్తాను. అదే కంపెనీ అడాప్టర్ దొరకలేదని స్పీకర్‌ను అటకెక్కించొద్దు. స్పీకర్‌కు కావాల్సింది కంపెనీ పేరు కాదు, సరైన వోల్టేజీ, సరిపడా కరెంటు, సరిగ్గా కూర్చునే పిన్. ఆ మూడూ కుదిరితే బయట కొన్న మంచి అడాప్టర్‌తో ఏళ్ల తరబడి నడుస్తుంది. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన అడాప్టరైనా ప్రమాదమే. ఇంకో మాట: చచ్చిపోయిన పాత అడాప్టర్‌ను చెత్తలో వేయకండి. దాని మీది లేబులు, దాని వైరు, దాని పిన్ మూడూ మీకు అవసరం పడతాయి.

కొనేముందు పది నిమిషాలు

పోయింది అడాప్టరేనా అన్నది తేల్చుకోకుండా డబ్బు పెట్టకూడదు. మొదట వేరే ప్లగ్ పాయింట్‌లో పెట్టి చూడండి. తరవాత స్పీకర్ ఆన్ చేసి, వైరు అడాప్టర్‌లోంచి బయటికొచ్చే చోటా, పిన్ దగ్గరా మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. ఒక్క క్షణం లైటు వెలిగి ఆరిందంటే లోపల వైరు తెగింది, అడాప్టర్ బాగానే ఉంది. చుట్ట చుట్టి చుట్టి వైరు తెగేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. అప్పుడు కొత్తది కొనాల్సిన పనే లేదు. తెగిన ముక్క కోసేసి కొత్త పిన్ సోల్డరింగ్ చేయిస్తే సరిపోతుంది. ఏ టీవీ మెకానిక్కైనా పావుగంట పని.

మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే చిన్న మీటరు) ఉంటే ఇంకా తేలిక. డీసీ (ఒకే దిశలో పారే కరెంటు; గోడ ప్లగ్‌లో వచ్చేది దిశ మారుతుండే ఏసీ) 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబు పిన్ లోపలి రంధ్రంలోకి, నల్ల ప్రోబు బయటి లోహానికి తగిలించాలి. అడాప్టర్ 24 వోల్టులదైతే 200 మార్కు దగ్గర పెట్టండి. లేబుల్ మీద 12 అని ఉంటే మీటర్ కూడా 12కు దగ్గరగా చూపించాలి. లేబుల్ మీద అవుట్‌పుట్ డీసీ అని ఉండి కూడా సున్నా చూపిస్తే అడాప్టరో దాని వైరో పోయినట్టే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని అడాప్టర్లు విడిగా ఉన్నప్పుడు నిండుగా 12 చూపిస్తాయి, స్పీకర్‌కు తగిలించగానే చతికిలపడతాయి. లోపల కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లు ఎండిపోతే ఇలా అవుతుంది. దీన్ని మీటరుతో మాత్రమే కనిపెట్టలేం.

ఇంట్లో వైఫై రూటరు ఉందా? చాలా రూటర్ల అడాప్టర్లు 12 వోల్టుల డీసీవే. మీ స్పీకర్‌దీ 12 వోల్టుల డీసీయే అయి, లేబుల్ మీద ప్లస్ మైనస్ బొమ్మ ఒకేలా ఉండి, పిన్ కూడా కూర్చుంటే, రూటరుది తీసి రెండు నిమిషాలు పెట్టి చూడండి. వాల్యూమ్ బాగా తగ్గించి ఉంచండి, ఎందుకంటే రూటరు అడాప్టర్ కరెంటు తక్కువ ఇస్తుంది. స్పీకర్ మేల్కొంటే అనుమానం తీరినట్టే. అలాకాకుండా పిన్ పెట్టగానే అడాప్టర్ మీది లైటు మినుకుమినుకుమన్నా, పూర్తిగా ఆరిపోయినా, తప్పు స్పీకర్ లోపల ఉంది. ఇక కొత్త అడాప్టర్ కొని లాభం లేదు, స్పీకర్‌నే మెకానిక్‌కు చూపించాలి.

లేబుల్ చదవడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, అక్షరాలు అంత చిన్నవిగా ఉంటాయి.

వోల్టేజీ సంగతిలో రాజీ లేదు. లేబుల్ మీద అవుట్‌పుట్ దగ్గర 12 ఉంటే 12, 15 ఉంటే 15, 18 ఉంటే 18. ఐదు శాతం అటూ ఇటూ పరవాలేదు, అంటే 19 బదులు 19.5 వాడితే ఏమీ కాదు. కానీ 12 వోల్టుల స్పీకర్‌కు 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే? 12 వోల్టుల లైను మీద సాధారణంగా 16 వోల్టుల కెపాసిటర్లు వేస్తారు. 19 తగిలితే అవి ఉబ్బి పగులుతాయి, ఆంప్లిఫయర్ చిప్ కాలిపోతుంది. తక్కువ వోల్టేజీ పెడితే అంత నష్టం లేదు గాని పని జరగదు. 12కు బదులు 9 పెడితే లైటు వెలుగుతుంది, బ్లూటూత్ కూడా కలుస్తుంది, వాల్యూమ్ పెంచగానే గొంతు చీలిపోతుంది.

యాంపియర్ల లెక్క దీనికి పూర్తిగా వేరు. లేబుల్ మీద 2 యాంప్స్ అని ఉంటే 2 కన్నా తక్కువ కొనకూడదు, ఎక్కువైతే భయం లేదు. స్పీకర్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. 12 వోల్టులు 2 యాంప్స్ చోట 12 వోల్టులు 3 యాంప్స్ హాయిగా వాడుకోవచ్చు, అడాప్టర్ తక్కువ వేడెక్కుతుంది కూడా. అలాగని 10 యాంప్స్‌ది తేవద్దు. రేపు స్పీకర్ లోపల ఏదైనా షార్ట్ అయితే అంత కరెంటూ సన్న వైరులోంచి పారుతుంది. ఒకటిన్నర రెట్లు, మహా అయితే రెండు రెట్లు చాలు. తక్కువ యాంప్స్ అడాప్టర్‌ను గుర్తుపట్టడం తేలిక: మెల్లగా పాడినంతసేపూ బాగుంటుంది, బేస్ దరువు గట్టిగా పడగానే స్పీకర్ ఆగి మళ్లీ మొదలై, బ్లూటూత్ కలిసిందని చెప్పే ఆ గొంతు మాటిమాటికీ వినిపిస్తుంది.

స్పీకర్ పెట్టె మీద వేసే వాట్లు చూసి అడాప్టర్ కొనేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. పీఎంపీఓ అని రాసే వేల వాట్ల అంకెలకూ అసలు వాడకానికీ సంబంధం లేదు. 12ను 2తో గుణిస్తే 24 వాట్లు. ఆ అడాప్టర్ మీద నడిచే స్పీకర్ నిలకడగా అంతకు మించి వాడుకోలేదు. మీకు అక్కరకొచ్చే లెక్క అదొక్కటే.

కంపెనీ పేరు ఒకటే కదా అని పక్కింటివాళ్ల అడాప్టర్ అడిగి పెట్టేసుకోవడం ఇంకో పొరపాటు. అమెజాన్ స్మార్ట్ స్పీకర్ ఎకో డాట్ రెండో తరం మైక్రో యూఎస్‌బీతో 5 వోల్టుల మీద నడుస్తుంది. మూడో తరానికి 12 వోల్టుల గుండ్రటి పిన్. గూగుల్ హోమ్ మినీది మైక్రో యూఎస్‌బీ, దాని తరవాత వచ్చిన నెస్ట్ మినీది 14 వోల్టుల గుండ్రటి పిన్. పేరు ఒకటే, ఆకారమూ దాదాపు ఒకటే, అడాప్టర్ మాత్రం వేరు.

తరవాత ప్లస్ మైనస్. లేబుల్ మీద మధ్యలో చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రాకారపు గీత ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. మధ్య చుక్కకు ప్లస్ కలిసి ఉంటే పిన్ లోపలి భాగం ప్లస్ అని అర్థం. ఈ రోజుల్లో ఎక్కువగా అలాగే వస్తున్నాయి గాని అన్నీ కాదు. తిరగేసి పెడితే రక్షణ డయోడ్ ఉన్న స్పీకర్ బతుకుతుంది, లేనిది ఒక్క క్షణంలో పోతుంది.

పిన్ సైజు చెప్పడానికి బయటి వ్యాసం, లోపలి రంధ్రం అని రెండు కొలతలు ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా దొరికేవి 5.5కు 2.1 మిల్లీమీటర్లు, 5.5కు 2.5 మిల్లీమీటర్లు. ఈ రెండూ పైకి చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. స్పీకర్ సాకెట్‌లో ఉన్నది 2.1 మిల్లీమీటర్ల సూది అయితే 2.5 పిన్ లోపలికి వెళుతుంది గాని వదులుగా ఉంటుంది. బల్ల కదిలితే చాలు, పాట ఆగిపోతుంది. ఇది తెలియక అడాప్టరే నాసిరకమని తిట్టుకుంటారు. అందుకే పాత అడాప్టర్‌ను షాపుకు తీసుకెళ్లమనేది.

ఉన్న దారులు, నా మొగ్గు

కంపెనీవాళ్ల సొంత అడాప్టర్ దొరికితే అదే తేలికైన దారి. సౌండ్‌బార్లకు, స్మార్ట్ స్పీకర్లకు, పిన్ మామూలు ఆకారంలో లేని వాటికి నేనూ అదే కొనమంటాను, ముఖ్యంగా వారంటీ ఇంకా ఉంటే. స్పీకర్ పాతబడ్డాక సర్వీస్ సెంటర్లో ఆ మోడల్ ఆగిపోయింది అన్న మాట వినాల్సి వస్తుంది, దొరికినా ధర మనసు ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో అసలైనది అని రాసి అమ్మేవన్నీ అసలైనవి కావు. అమ్మేది ఎవరో చూడకుండా ఆ మాటకు డబ్బు పెట్టొద్దు.

మామూలు గుండ్రటి పిన్‌తో 12 వోల్టుల మీద నడిచే స్పీకర్లు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటికి నేను ఓటేసేది అదే వోల్టేజీతో, కాస్త ఎక్కువ యాంప్స్‌తో, బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) నమోదు ఉన్న వేరే కంపెనీ అడాప్టర్‌కే. సీసీ కెమెరాలకు, సెట్‌టాప్ బాక్సులకు వాడేది ఇదే రకం కాబట్టి జిల్లా కేంద్రాల్లోనే కాదు, మండల కేంద్రాల్లో కూడా దొరుకుతుంది, కొన్ని వందల రూపాయల్లో. కొనేముందు లేబుల్ మీద ఐఎస్ఐ తరహా గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. ఐఎస్ 13252 అని గాని, ఆడియో వీడియో సామాను అడాప్టర్లకు ఐఎస్ 616 అని గాని రాసి ఉంటుంది. అడాప్టర్లకు ఈ నమోదు తప్పనిసరి. 2012లో వచ్చిన ఉత్తర్వుతో ఈ పద్ధతి మొదలైంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారు పేరు మీద ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది. పేరు కలవకపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

పిన్ ఒక్కటే కుదరకపోతే కొత్త అడాప్టర్ వైరు కోసి, పాత అడాప్టర్ వైరును పిన్‌తో సహా దానికి అతికించుకోవచ్చు. ఇది అతుకుల బొంత పని కాదు, సరిగ్గా చేస్తే కొత్త వైరంత గట్టిగా ఉంటుంది. రెండు తీగలకూ విడివిడిగా స్లీవ్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) ముందే ఎక్కించి, సోల్డరింగ్ చేసి, దాన్ని అతుకు మీదికి జరిపి వేడి చేసి బిగించాలి. మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు, ఎండాకాలంలో ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. వైరు మీద తెల్ల చార ఉన్నదే ప్లస్ అని గుడ్డిగా నమ్మకండి. చాలా వాటిలో అంతే గాని, కొన్నిట్లో తిరగబడి ఉంటుంది. స్పీకర్‌లో పెట్టేముందు మీటరుతో చూడాల్సిందే.

వోల్టేజీ మార్చుకునే స్విచ్చు, అరడజను పిన్నులు ఉన్న యూనివర్సల్ అడాప్టర్‌ను నేను స్పీకర్‌కు సిఫార్సు చేయను. ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. ఆ చిన్న స్విచ్చు 9 నుంచి 12కు, 12 నుంచి 15కు జరగడానికి వేలు తగిలితే చాలు. పిన్ తిరగేసి పెట్టే వీలు కూడా ఉంటుంది, అంటే ప్లస్ మైనస్ తారుమారు. పైగా చవకరకం వాటిలో లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే ఉండి, లోడు లేనప్పుడు 12 అన్న చోట 16, 17 వోల్టులు కూడా వస్తాయి.

సీసీ కెమెరాలకు, ఎల్ఈడీ లైట్లకు వాడే రంధ్రాల లోహపు పెట్టె ఎస్ఎంపీఎస్ బలమైనదే. పెద్ద స్పీకర్లకు 12 వోల్టులు 5 యాంప్స్ కావాలంటే చవకలో దొరికేది అదే. కానీ దాని స్క్రూల దగ్గర 230 వోల్టులు బయటికే ఉంటాయి. హాల్లో, పిల్లల చేతికి అందే చోట, పనిమనిషి తడిగుడ్డతో తుడిచే చోట అది ఉండకూడదు. మూత ఉన్న పెట్టెలో బిగించి, ఎర్త్ ఇచ్చి, గోడ మీద ఎత్తులో పెట్టగలిగితేనే తీసుకోండి.

19 వోల్టుల స్పీకర్ అయితే పాత ల్యాప్‌టాప్ చార్జర్ చక్కటి ఉపాయం. 65 వాట్ల చార్జర్ అంటే సుమారు 3.4 యాంప్స్, నిలకడైన కరెంటు. డెల్, హెచ్‌పీ చార్జర్ల పిన్ మధ్యలో ఉండే సన్న సూది కరెంటు కోసం కాదు, చార్జర్‌ను ల్యాప్‌టాప్ గుర్తుపట్టడం కోసం. వైరు కోసేటప్పుడు ఆ మూడో తీగను విడిగా చుట్టి వదిలేయాలి.

ఫోన్ చార్జర్‌నే వాడదామని యూఎస్‌బీ సీ పీడీ ట్రిగ్గర్ కేబుల్ (పీడీ రకం ఫాస్ట్ చార్జర్ నుంచి కావాల్సిన వోల్టేజీని అడిగి తీసుకునే వైరు) కొనేవాళ్లు ఇప్పుడు పెరిగారు. 9, 15, 20 వోల్టులకు బాగానే ఉంటుంది. 12 దగ్గరే ఇబ్బంది. పీడీ పద్ధతిలో 12 వోల్టులు తప్పనిసరి కాదు, చాలా చార్జర్లలో ఉండదు. చార్జర్ మీద 12 అని అచ్చేసి ఉంటేనే ఆ కేబుల్ కొనండి, లేకపోతే ఎక్కువగా 9 దగ్గరో అంతకన్నా కిందో ఆగిపోతుంది.

అసలు అడాప్టర్‌నే బాగు చేయించడం గురించి కూడా అడుగుతారు. చిన్న అడాప్టర్లను ప్లాస్టిక్ కరిగించి మూసేస్తారు, పగలగొట్టి తెరవాలి. మళ్లీ మూసినా మునుపటి రక్షణ రాదు. 24 వోల్టుల సౌండ్‌బార్‌కు వచ్చే ఇటుక లాంటి అడాప్టర్, బయట దొరకనిది అయితే మెకానిక్‌తో కెపాసిటర్లు మార్పించండి. మీరు మాత్రం తెరవకండి. ప్లగ్ తీసేసిన తరవాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

అమెరికా నుంచి వచ్చిన స్పీకర్

దీని గురించి విడిగా చెప్పాలి, మా ఇంట్లోనే జరిగింది. డాలస్ నుంచి వస్తూ తమ్ముడు అమ్మ కోసం తను వాడుకున్న జత స్పీకర్లు తెచ్చాడు. రాగానే ప్లగ్ మార్చే ముక్క తగిలించి గోడకు పెట్టాం. అర నిమిషంలో కాలిన వాసన, అడాప్టర్ గప్పున ఆగిపోయింది. అప్పుడు తిప్పి చూస్తే ఇన్‌పుట్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. మన గోడలో ఉన్నది 230. స్పీకర్ స్విచ్చు ఆఫ్‌లో ఉండబట్టి అది బతికింది. అక్కడినుంచి వచ్చిన ఏ సామానైనా ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 అని ఉంటేనే ఇక్కడ నేరుగా పెట్టాలి. ప్లగ్ ఆకారం మార్చే ముక్క వోల్టేజీని మార్చదు.

కథ అక్కడితో అయిపోలేదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో మొదటి షాపులో 12 వోల్టులది అనగానే డీసీ అడాప్టర్ చేతిలో పెట్టారు. పిన్ చక్కగా కూర్చుంది. డబ్బులు ఇవ్వబోతుంటే పక్కన కూర్చున్న పెద్ద మెకానిక్ పాత అడాప్టర్ తీసుకుని వెలుతురులో పట్టుకుని చూశాడు. “తమ్ముడూ, ఇది డీసీ కాదు. ఇక్కడ అల గుర్తు చూడు, ఏసీ” అన్నాడు. నిజమే. డీసీకి ఒక నిండు గీత, దాని కింద చిన్న గీతలు ఉంటాయి. ఏసీకి అల లాంటి మెలిక ఉంటుంది. పాత కంప్యూటర్ స్పీకర్లలో, కొన్ని ఆంప్లిఫయర్లలో అడాప్టర్ ఏసీనే పంపిస్తుంది, దాన్ని డీసీగా మార్చుకునేది స్పీకరే. లోపల ప్లస్, మైనస్ రెండు లైన్లనూ ఆ ఏసీలోంచే తయారు చేసుకునే స్పీకర్‌కు డీసీ ఇస్తే ఒక్క లైనే వస్తుంది, ఆంప్లిఫయర్ సరిగా పనిచేయదు.

ఏసీ ఇచ్చే రెడీమేడ్ అడాప్టర్ ఇక్కడ దొరకడం కష్టం. ఆ పెద్దాయనే 230 నుంచి 12కు దించే విడి ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, ఫ్యూజు వేసి, పాత పిన్ తగిలించి ఇచ్చాడు. మూడేళ్లుగా అమ్మ పొద్దున్నే దానిమీదే పాటలు వింటోంది. ఒక్క ఇబ్బంది, ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకంది కావడంతో కరెంటు పోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మంటుంది. మీ ఇన్వర్టర్ కూడా అలాంటిదైతే ఆ సమయంలో స్పీకర్ ఆపేయడం మంచిది.

పెట్టాక వినండి

కొత్త అడాప్టర్ పెట్టాక పాట వేయకుండా వాల్యూమ్ సగానికి పెంచి చెవి దగ్గర పెట్టండి. సన్నగా కీచుమంటున్నా, తుమ్మెద రొదలా ఉన్నా వెంటనే అడాప్టర్‌ను తప్పుపట్టొద్దు. టీవీకి, కంప్యూటర్‌కు వెళ్లే ఆక్స్ వైరు పీకేసి బ్లూటూత్ మీద వినండి. రొద పోయిందంటే అది రెండు సామాన్ల ఎర్త్‌ల మధ్య వచ్చే గొడవ. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మార్చి చూడండి. బ్లూటూత్ మీద కూడా అలాగే ఉంటే అడాప్టర్ నాసిరకంది, మార్చుకోండి. ఇందుకే నేను ఆన్‌లైన్ కన్నా షాపునే ఇష్టపడతాను. స్పీకర్‌ను సంచిలో వేసుకుని కోఠీకో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కో, మీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుకో వెళ్లి, అక్కడే పెట్టి విని తెచ్చుకోవచ్చు. చెన్నైలో ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ ఉన్నాయి. దూరాభారమైతే ఆన్‌లైన్‌లోనే తీసుకోండి, వాపసు గడువు ఉన్నది చూసి.

ఇంటికి తెచ్చాక అరగంట గట్టిగా పాడించి అడాప్టర్‌ను తాకండి. గోరువెచ్చగా ఉండడం సహజం. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే యాంప్స్ చాలడం లేదు, అబద్ధపు లేబుల్ అయినా అయ్యుండాలి. తరవాత ఒక తెల్ల టేపు ముక్క అంటించి పర్మనెంట్ మార్కర్‌తో ‘స్పీకర్, 12’ అని రాయండి. రూటరుదీ, సెట్‌టాప్ బాక్సుదీ, ల్యాప్‌టాప్‌దీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్టూ నల్లగా ఒకేలా పడి ఉంటాయి. పండగకు ఇల్లు దులిపి సర్దేటప్పుడు ఏది దేనిదో వాటిని సర్దేవాళ్లకు తెలియాలి కదా.